కంప్యూటర్‌లో ప్రయోగాలు – సిమ్యులేషన్ అంటే ఏంది?

ఈసారి సైన్సు పేజీ నా వంతు వచ్చింది.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. మా నాయన పీతలు పట్టి అమ్ముతాడు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. చిన్న తరగతిలో, వేరే బడిలో, ఒకసారి నా చేతిలో బల్బు పగిలింది. తిట్లు పడినాయి. అప్పటినుంచి ప్రయోగం అంటే చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడేదాన్ని. పగిలితే డబ్బులు ఎవరు కడతారు? మనలో చాలామంది అట్లనే నిలబడతారని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

సిమ్యులేషన్‌ను తెలుగులో అనుకరణ అంటారు. చిన్నపిల్లలు ఇసుకతో ఉత్తుత్తి అన్నం వండుతారు గదా, కొంచెం అట్లాంటిదే. కానీ ఇసుక అన్నం మన ఇష్టం. సిమ్యులేషన్‌లో మాత్రం నిజం బల్బు, నిజం బ్యాటరీ ఏ సూత్రం ప్రకారం పనిచేస్తాయో ఆ సూత్రాన్నే కంప్యూటర్‌లో పెట్టి ఉంటారు. మనం ఒకటి మారిస్తే అది లెక్క కట్టి, ఏమవుతుందో బొమ్మలో చూపిస్తుంది. వీడియో అట్లా కాదు. ఎన్నిసార్లు చూసినా అదే ఆట.

మన తరగతిలో సారు చూపించిన దాని పేరు ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వీమన్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదలుపెట్టారు. ఆయనకు 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఫెట్‌కు డబ్బులు కట్టనక్కరలేదు. తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి. ఒకసారి దించి పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి.

సారు ఒకే రకం బల్బులు రెండు, ఒకదాని వెనక ఒకటి కలిపారు. దీన్నే శ్రేణి అంటారు. “స్విచ్ వేస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది?” అని అడిగారు. మొదటిదే అన్నాం. కాలువ నీళ్లు ముందు మడికే ఎక్కువ పారతాయి గదా! కానీ రెండూ సమానంగా వెలిగాయి. వైరులో ఎలక్ట్రాన్లు నీలం చుక్కల్లాగా కదులుతా కనిపించాయి. మొదటి బల్బు దాటినాక కూడా చుక్కలు తగ్గలేదు. అంటే బల్బు కరెంటును తినేయదు, శక్తిని మాత్రమే తీసుకుంటుంది. ఈ మాట పుస్తకంలో చదివినా నాకు అప్పుడే అర్థమైంది.

తర్వాత బల్బు లేకుండా బ్యాటరీ రెండు చివరలూ ఒక్క వైరుతో కలిపాం. తెరమీద బ్యాటరీకి మంట! అందరం నవ్వాం. ఎవరికీ తిట్లు పడలేదు.

పెద్దవాళ్లు కూడా ఇట్లనే నేర్చుకుంటారు. శ్రీహరికోట ముందు మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. అక్కడినుంచి 2019 జులై 22న చంద్రయాన్-2 పోయింది. సెప్టెంబరులో దాని ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. ఇంజన్ చెడితే ఏమి, సెన్సార్ చెడితే ఏమి అని సిమ్యులేషన్లు చేసి చూశారు. దాంతోనే ఆగలేదు. హెలికాప్టర్‌తోనూ, క్రేన్‌తోనూ నిజంగా కూడా పరీక్షించారు. 2023 జులై 14న చంద్రయాన్-3 పోయి, ఆగస్టు 23న చక్కగా దిగింది.

అందుకే సిమ్యులేషన్ ఒక్కటే చాలదు. అందులో వైరు వేడి చేతికి తెలియదు. తుప్పు పట్టిన కొన, వదులైన ముడి అందులో ఉండవు. చిన్న తరగతుల చెల్లెళ్లకు ముఖ్యంగా చెప్తున్నా: తెరమీద మంట కాల్చదు గదా అని గోడ ప్లగ్గులో వైరు పెట్టొద్దు. ప్రాణం పోతుంది.

మనం ఇట్లా చేద్దాం:

1. స్విచ్ వేయకముందే ఏమవుతుందో నోటుబుక్కులో రాయాలి. తప్పయినా రుద్దకూడదు.
2. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే దేనివల్ల అయిందో తెలియదు.
3. మౌసు అందరి చేతికీ రావాలి. బాగా చదివేవాళ్ల చేతిలోనే ఉండకూడదు.
4. తర్వాత నిజం బల్బుతో, టార్చిలైటు బ్యాటరీతో చేసి చూడాలి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. ఆదివారం ఒక గంట కంప్యూటర్ గది తెరిపించండి. శుభ్రంగా పెట్టే బాధ్యత మాది.

మొన్న నిజం బల్బు కలపడానికి ఎవరొస్తారని సారు అడిగితే నేను ముందుకు పోయాను. చెయ్యి వణికింది. ఒక వైరు జారిపోయింది. మళ్లీ పెట్టాను. వెలిగింది.

– 9వ తరగతి విద్యార్థిని