హెర్నియా శస్త్రచికిత్స పిదప జీవనసుఖము

చెరకు తోటలలో బరువులు మోసిన తరమువారు గజ్జలలో వాపు కనబడినను సిగ్గుచే దాచుకొనెడివారు. నేడును ఈ మాట ఇంటిలో చెప్పుటకు సంకోచించువారు కలరు. శస్త్రచికిత్స పిదప మునుపటివలె బ్రతుకగలమా యను భయమే అందులకు ముఖ్య కారణమని మేము తలచుచున్నాము. కావున ఆ సంగతినే ఇచ్చట విచారింతము.

కడుపు గోడలో బలహీనమైన చోటినుండి లోని క్రొవ్వుగాని ప్రేవుగాని వెలికి పొడుచుకొని వచ్చుటయే హెర్నియా. 1887లో ఇటలీ వైద్యుడు బస్సీని ఆ చోటి కండరములను దగ్గరకు లాగి కుట్టు పద్ధతిని ప్రకటించెను. 1989లో అమెరికా వైద్యుడు లిక్టెన్‌స్టైన్ కండరములను లాగకయే సన్నని వలను అమర్చు పద్ధతిని ప్రకటించెను. 1990 దశకము మొదలు చిన్న రంధ్రముల గుండ చేయు లాప్రోస్కోపీ వ్యాపించెను.

జీవనసుఖమును కొలుచుట యెట్లు? 2008లో వెలువడిన కెరొలైనాస్ కంఫర్ట్ స్కేలు ఎనిమిది విషయములనుగూర్చి రోగినే ప్రశ్నించును. పండుకొనుట, వంగుట, దగ్గుట, నడచుట, మెట్లెక్కుట మొదలగునవి అందు కలవు. మన మాటలో చెప్పవలెనన్న, భజనలో నేలపై కూర్చుండగలమా, స్వామికి సాష్టాంగపడగలమా యనునదే ప్రశ్న.

లాప్రోస్కోపీ చేయించుకొన్నవారికి తొలిదినములలో నొప్పి తక్కువ. పనులకు త్వరగా మరలుదురు. కాని దానికి సాధారణముగా పూర్తి మత్తును, చేయి తిరిగిన వైద్యుడును కావలెను. కోసి వల వేయు పద్ధతిలో ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చినను చాలును. పూర్తి మత్తుకు తాళలేని వృద్ధులకు ఇది మేలు. ఏ పద్ధతియైనను, గజ్జల హెర్నియా చికిత్స పిదప నూటికి 10 మొదలు 12 మందికి నొప్పి నెలల తరబడి నిలుచును. కాలక్రమమున అది తగ్గుచుండును.

పూర్వపు కోత గాటువద్ద వచ్చు హెర్నియా మరింత మొండిది. 2000లో ప్రకటింపబడిన నెదర్లాండ్స్ పరిశోధనలో, మూడేండ్లలోపల అది తిరిగి వచ్చినది కుట్లు మాత్రమే వేసినవారిలో నూటికి 43 మందికి, వల అమర్చినవారిలో 24 మందికి. పొగ త్రాగుట మానుట, బరువు తగ్గుట, మధుమేహమును అదుపున ఉంచుట ఇచ్చట చికిత్సలో సగము.

బాధ అంతగా లేని పురుషులు వైద్యుని సలహాతో వేచియుండవచ్చును. స్త్రీలు ఆలస్యము చేయరాదు. తొడ మొదట వచ్చు హెర్నియా వారిలో హెచ్చు, అందు ప్రేవు చిక్కుకొను అపాయము కలదు. వాపు గట్టిపడి లోనికి పోక, నొప్పియు వాంతులును కలిగిన యెడల తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

గజ్జల చికిత్స పిదప నెలల కొలది మంచము పట్టనక్కరలేదు. ఒడలు సహించిన కొలది నిత్యకృత్యములు ఆరంభింపవచ్చును. పెద్దలారా, సిగ్గు విడిచి బిడ్డలతో చెప్పుడు. బిడ్డలారా, పెద్దలను అడుగుడు.