కథ నడుమ తెర

కొమురవెల్లి మల్లన్న గొల్ల కేతమ్మను, బలిజ మేడలమ్మను చేపట్టునని యెఱిగియే సిద్దిపేట ప్రాంతపు జనులు ఒగ్గుకథను విందురు. ముగింపు తెలియకపోవుటయే ఆసక్తికి మూలమైనచో ఒగ్గుడోలు ఏనాడో మూగవోయెడిది.

ఇటీవలి చలనచిత్రములు ముగింపును దాచి ప్రేక్షకుని మరల రప్పింప జూచుచున్నవి. 2015 జులై 10న విడుదలయిన ‘బాహుబలి’లో, బాహుబలిని చంపినవాడను నేనే యని కట్టప్ప చెప్పుటతో తెర పడెను. సమాధానము 2017 ఏప్రిల్ 28న గాని లభింపలేదు. అయినను ప్రేక్షకుడు మోసపోతినని తలపలేదు. ఏలన, కాలకేయులతోడి యుద్ధము అప్పటికే ముగిసినది; దేవసేన సంకెళ్లు వీడినవి; టిక్కెట్టు సొమ్మునకు తగిన కథ ముట్టినది. మిగిలినది ఏమి జరుగునను ప్రశ్న గాదు, సింహాసనమునకు కట్టుబడిన దాసుడు అట్లేల చేసెనను ప్రశ్న. మల్లన్న కథకుల మార్గమునకు ఇది దూరము గాదు.

అది చూచి పలువురు కథను రెండుగా కోయ నేర్చిరి. సగము ధాన్యము నేడు కొలిచి, తక్కినది మఱుసటి యేట కొలుతునన్న ఆసామికి ఏ వర్తకుడు నేడే పూర్తి వెల యిచ్చును? ప్రేక్షకుడు ఇచ్చుచున్నాడు. 2024 సెప్టెంబరు 27న వచ్చిన ‘దేవర’ మొదటి భాగమును తండ్రిని చంపినది కొడుకే యని చెప్పి ముగిసినది. కట్టప్పను గూర్చి నాడు పిల్లలు సహితము అడిగిరి. ఈ కొడుకును గూర్చి అడిగినవారిని మేము సిద్దిపేటలో చూడలేదు.