చదువనిచ్చి వ్రాయనీయని పత్రములు

మానవపాడు ప్రాంతమున మిరపతోటకు ముడత వచ్చినప్పుడు అనుభవముగల రైతు మొట్టమొదట మందుకొఱకు పరుగెత్తడు. ఆకును చేతబట్టి, అంచులు పైకి ముడుచుకొన్నవా, క్రిందికి ముడుచుకొన్నవా యని చూచును. పైముడతయైనచో తామరపురుగు పని, క్రిందిముడతయైనచో నల్లి పని. ఒకదాని మందు మఱియొకదానికి కొట్టినచో డబ్బు పోవును, ముడత నిలుచును. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి మిరపపూతను నాశనము చేసినప్పుడు, తోచిన మందునెల్ల కొట్టి చేతులు కాల్చుకొన్నవారు మనలో తక్కువవారు కారు. సంఘ కార్యాలయపు కంప్యూటరునకు వచ్చు నొక తెగులును గుఱించి వ్రాయబూని మేమీ మాట నెత్తుకొనుటకు కారణము గలదు.

తెగులు ఇట్టిది. సంఘ తీర్మానమునుగాని, సభ్యుల జాబితానుగాని నిన్నటి వఱకు ఇచ్చవచ్చినట్లు దిద్దుకొనుచుంటిమి. నేడు తెఱచినచో పైభాగమున ‘రీడ్-ఓన్లీ’ యను మాట కనబడును. అనగా చదువుకొనవచ్చును, మార్చరాదు. ఒక్కొక్కప్పుడు అక్షరమే పడదు. ఒక్కొక్కప్పుడు అక్షరములు చక్కగా పడును గాని, తుదకు భద్రపఱచబోవునప్పుడు ఈ పేరుతో వీలుకాదు, వేఱు పేరు పెట్టుమని యంత్రము చెప్పును. ఈ రెండవదియే యపాయకరము.

తుంగభద్రవైపు నొక సంఘమున జరిగినది మేమెఱుగుదుము. పంట ఋణమునకు అర్హులగు సభ్యుల జాబితా మఱునాటికి పై బ్యాంకునకు పోవలసియుండెను. గుమాస్తా రాత్రి కూర్చుండి, మిగిలిపోయిన నలుగురి పేర్లు చేర్చెను. పత్రము భద్రము కాలేదు. యంత్రము వేఱు పేరు అడుగగా, ఆయన ‘కొత్తది’ అని పెట్టి యింటికి పోయెను. ఉదయము ముందుగా వచ్చిన మఱియొకరు పాత పేరుగల పత్రమునే ముద్రించి, సంతకములు చేయించి పంపిరి. ఎవరియందును దురుద్దేశము లేదు. కాని ఆ నలుగురి పేర్లు అందులో లేవు. మిరపనారు మడిలో ముదురుచున్నది, ఋణము రాలేదు. వారిలో నొకరు నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి వర్తకునియొద్ద తెచ్చి, కాయ యెఱ్ఱబడకమున్నే సరుకును వానికే యిత్తునని మాట యిచ్చిరి. ఆ పిదప ధర చెప్పునది యెవరో రైతులకు మేము చెప్పవలెనా? ఇట్టి యప్పునుండి తప్పించుటకే గదా సహకార సంఘములు పుట్టినది!

2024లో మన రాష్ట్రమున ఋణమాఫీ జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదీలలో మూడు విడతలుగా జరిగినప్పుడు, జాబితాలో తమ పేరున్నదా యని కార్యాలయముల గుమ్మములయొద్ద నిలిచినవారిని మీరందఱు చూచియే యుందురు. కావున ఇది గుమాస్తాల గొడవ, మనకేల యని సభ్యులు తలపరాదు.

ఇక తెగులును పోల్చుకొను విధము. మొదట వేసికొనవలసిన ప్రశ్న యొక్కటే: ఈ యొక్క పత్రమే యిట్లున్నదా, అన్నియు నిట్లే యున్నవా? అన్నియు నిట్లే యున్నచో పత్రములలో దోషము లేదు. మైక్రోసాఫ్ట్ వర్డ్ వంటి వ్రాతయంత్రపు ప్రోగ్రామునకు చెల్లించు చందా గడువు తీరినను, అది నమోదు కాని ప్రతియైనను, వ్రాయు నధికారమును తీసివేసి చదువు నధికారమును మాత్రము మిగుల్చును. చందా కట్టుటకు సొమ్ము లేని సంఘములు లిబ్రే ఆఫీసు అను ఉచిత ప్రోగ్రామును వాడుకొనవచ్చును. మేము మూడు నాలుగు చోట్ల దానితోనే పని జరుపుట చూచితిమి.

ఒక్క పత్రమునకే వచ్చినచో, అది యెక్కడనుండి వచ్చినదో చూడవలెను. ఈమెయిలు ద్వారా వచ్చినదానిని వర్డు ‘ప్రొటెక్టెడ్ వ్యూ’ అను కావలిలో నుంచి, పైన పసుపుపచ్చని పట్టీ చూపును. పంపినవారు తెలిసినవారైనచో ‘ఎనేబుల్ ఎడిటింగ్’ నొక్కిన చాలును. తెలియనివారైనచో నొక్కకుడు. ఆ కావలి మన మేలుకొఱకే. జిప్ మూటగా వచ్చినదానిని మూట విప్పకుండ లోపలనే తెఱచినను వ్రాయనీయదు. ముందు విప్పి బయట పెట్టవలెను. వెనుకటి గుమాస్తాలు సీడీలలో దాచిన ఉపనిబంధనలు మున్నగువానిని కంప్యూటరులోనికి తెచ్చుకొన్నప్పుడు ఆ ‘రీడ్-ఓన్లీ’ గుర్తు వెంటవచ్చుట కలదు. ఫైలుమీద కుడిమీట నొక్కి ‘ప్రాపర్టీస్’ తెఱచి, ఆ గుర్తును తీసివేసిన సరిపోవును. కెమెరాలలో వాడు చిన్న కార్డులకు ప్రక్కన నొక బుడిపె యుండును. అది జారి తాళము పడినచో గంటలకొలది వెదకినను లోపము దొరకదు. మేమే యొకమారు ఆ బుడిపెకై ఒక పూటంతయు పోగొట్టుకొంటిమి.

మన పల్లెలలో మిక్కిలి తఱచైనది వేఱొకటి. పత్రమును తెఱచిన వెంటనే వర్డు అదే అరలో, తెఱచినవారి పేరుతో నొక చిన్న మఱుగు ఫైలును వ్రాసికొనును. మూయగానే దానిని తుడిచివేయును. ఇద్దఱొకేసారి దిద్దకుండుటకు ఇది కాపలా. కరెంటు హఠాత్తుగా పోయినచో ఆ కాపలావాడు అక్కడనే మిగిలిపోవును. మఱల తెఱచినప్పుడు ‘ఫలానావారు దిద్దుచున్నారు’ అని యంత్రము చెప్పును. ఆ ఫలానావారు మీరే! నిజముగా వేఱొక కంప్యూటరులో ఎవరైన తెఱచియున్నారేమో ముందు విచారింపుడు. లేనిచో వర్డును పూర్తిగా మూసి, కంప్యూటరును మఱల ప్రారంభింపుడు. అప్పటికిని వదలనిచో, ఆ అరలో ‘~$’ గుర్తులతో మొదలగు మఱుగు ఫైలును తీసివేయుడు. అసలు పత్రమును ముట్టకుడు.

అధ్యక్షులో, కార్యదర్శియో ‘మార్క్ యాజ్ ఫైనల్’ పెట్టియున్న పత్రము ‘ఎడిట్ ఎనీవే’ నొక్కిన తెఱచుకొనును. అది హెచ్చరికయే గాని తాళము కాదు. సంకేతపదము పెట్టినదైనచో పెట్టినవారినే అడుగవలెను. సభ ఆమోదించిన తీర్మానమునకు తాళము వేయుట తప్పు కాదు. దానిని దొంగదారిని తెఱచుటయే తప్పు.

కొందఱు సభ్యులు ‘మా సర్వే నంబరునకు తాళము పడినది, తీయు’ మని గుమాస్తాను నిర్బంధించుట విన్నాము. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణియు, 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున వచ్చిన భూభారతియు రెవెన్యూ శాఖవారివి. అందలి నిషిద్ధ జాబితాకు రెవెన్యూ శాఖవారినే అడుగవలెను.

వేఱు పేరుతో భద్రపఱుపక తప్పనప్పుడు ‘కొత్తది’ అని పెట్టకుడు. రేపు మఱియొక కొత్తది వచ్చును. తేదీయు, దిద్దినవారి పేరును పెట్టి, పాతదానిని ‘పాతవి’ అను అరలోనికి అప్పుడే త్రోసి, ఆ సంగతిని బల్లమీది పుస్తకమున నొక పంక్తి వ్రాయుడు.

మేము చెప్పిన సంఘమున ఇప్పుడు జాబితా పంపుటకు ముందు గుమాస్తా పేర్లన్నిటిని బిగ్గరగా చదువును. వర్తకునియొద్ద అప్పు తెచ్చిన ఆ సభ్యులు అరుగుమీద కూర్చుండి విని, తమ పేరు వచ్చిన పిదప కండువా దులుపుకొని లేచి పోవుదురు.