జగర్గుండా బాలుడూ, మూడు క్రియలూ

దక్షిణ బస్తరులో, నేటి సుక్మా జిల్లా అడవుల నడుమ ఉన్న ఊరు జగర్గుండా. సల్వా జుడుం కల్లోలకాలంలో మూతపడిన అక్కడి పాఠశాల పదమూడేళ్ల అనంతరం 2019లో తిరిగి తెరుచుకున్నది. ఇంట కోయ, గోండి నుడులు, బడిలో హిందీ. ఈ రెంటి మధ్య ఉన్న అగాధం పదాలది మాత్రమే కాదు, క్రియది కూడా.

'రామ్ రోటీ ఖాతా హై' అన్నప్పుడు హిందీ క్రియ రాముణ్ణి అనుసరిస్తుంది. అదే పని ముగిసిపోగానే 'రామ్ నే రోటీ ఖాయీ' అవుతుంది. తిన్నవాడు పురుషుడు, క్రియ మాత్రం స్త్రీలింగం. రొట్టె స్త్రీలింగం గనుక కర్తను విడిచి కర్మను పట్టుకున్నది! 'రాముడు రొట్టె తిన్నది' అంటే మనకెంత విడ్డూరమో, గోండి బిడ్డకూ అంతే. అతని భాషలో క్రియ చివరి ప్రత్యయం కర్తకే కట్టుబడి ఉంటుంది. తెలుగూ, గోండీ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందినవని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తలు నిరూపించారు.

అయితే తోబుట్టువుల మధ్య సైతం ఒక పేచీ ఉన్నది. తెలుగులో 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. ఏకవచనంలో ఇద్దరికీ క్రియ ఒకటే. బహువచనంలో స్త్రీ పురుషుల పక్కకు చేరుతుంది: 'స్త్రీలు వచ్చారు', 'ఆవులు వచ్చాయి'. గోండిలో ఈ మార్పు లేదు. ఒక స్త్రీ 'అద్' అయితే పలువురు స్త్రీలు 'అవ్'. మన 'అది', 'అవి'లకు రక్తబంధువులే ఇవి. ఇందులో స్త్రీల పట్ల చులకన వెదకబోతే, మన 'వచ్చింది'లోనూ వెదకవలసి ఉంటుంది.

2005 తరువాత ఆ అడవులనుండి ఎన్నో కుటుంబాలు గోదావరీ తీరంలోని తెలుగు సీమకు తరలివచ్చాయి. ఆ ఇంటి బాలుడు తెలుగు బడిలో 'అక్కలు వచ్చాయి' అంటే తరగతి ఘొల్లుమంటుంది. అతడు తప్పింది తెలుగు వ్యాకరణాన్నే. తల్లి వ్యాకరణాన్ని కాదు.

క్రియ ఎవరికి లోబడాలన్నది లోకమంతటా ఒక తీరుగా లేదు. ఎరిత్రియాలోనూ, ఉత్తర ఇథియోపియాలోనూ మాట్లాడే తిగ్రిన్యాలో 'నాకు ఉన్నది' అనడానికి 'అల్లొని' అన్న ఒక్క క్రియ చాలు. 'నాకు' అన్న అర్థం దాని చివరి 'ని'లోనే ఇమిడిపోయింది. అంత దూరమెందుకు? ఒడిశా కొండల్లోని కుయి భాషలో 'నన్ను', 'నిన్ను' వంటివి కర్మలైతే క్రియ నడుమ ఒక ప్రత్యేక ప్రత్యయం వచ్చి కూర్చుంటుంది. కుయి కూడా తెలుగు శాఖదే.

గోండికి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో ఇంకా చోటు లేదు. సాధ్యమైనంతవరకు అయిదవ తరగతి దాకా మాతృభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతున్నది. ఆ లోగా జగర్గుండా బాలుడు రొట్టె తిన్న ప్రతిసారీ, తిన్నది తానా, రొట్టెయా అని ఒక్క క్షణం ఆలోచించక తప్పదు.