బసలో బండి మర్యాద

'మజిలీ' యను మాట అరబ్బీ భాషలోని 'మంజిల్' నుండి మనకు వచ్చినది. వాహనము దిగెడు చోటు అని దాని మొదటి అర్థము. అనగా బస యను భావములోనే వాహనమును ఇమిడియున్నది. కాశీమజిలీ కథలలోని మణిసిద్ధుడును అతని శిష్యుడును కాలినడకన పోయిరి గనుక వారికి ఈ చిక్కు లేకపోయెను. ఎడ్లబండిపై సత్రము చేరిన రైతు మాత్రము ముందు కాడి దించి, ఎడ్లకు నీరు పెట్టి, గడ్డి వేసి, ఆ పిమ్మటనే తాను కాళ్ళు కడుగుకొనెడివాడు.

నేడు ఆ ఎడ్ల స్థానమున మోటారు సైకిలు నిలిచినది. వేసవిలో పదవ తరగతి జవాబు పత్రములు దిద్దుటకై మండలముల నుండి జిల్లా కేంద్రమునకు వచ్చు ఉపాధ్యాయుడు తఱచుగా దానిపైననే వచ్చును. మఱునాటి పోటీ పరీక్షకై ముందునాటి సాయంకాలమే పట్టణము చేరు విద్యార్థియు, వెనుక ఒక స్నేహితుని కూర్చుండబెట్టుకొని, దానిపైననే వచ్చును. బస్టాండునకు చేరువనున్న లాడ్జిల ముందు రాత్రి 9 గంటల వేళ చూడుడు. బండ్లు ఒకదాని నొకటి ఒరసికొని నిలిచియుండును. వాయిదాలపై కొన్న ఆ బండి పెక్కుమందికి ఇంటనున్న వస్తువులన్నిటికంటెను విలువైనది. దేహము గదిలో పండుకొన్నను మనసు వాకిటనే యుండును.

కారునకు లేని కష్టములు దీనికి కొన్ని కలవు. తాళము వేసియున్నను ఇద్దరు మనుష్యులు పట్టి ఎత్తుకొని పోవచ్చును. వాన కురిసిన రాత్రి మెత్తని నేలలో సైడు స్టాండు మెల్లగా దిగబడి, తెల్లవారునప్పటికి బండి పొరుగు బండిపై వ్రాలును. అది తన పొరుగుదానిపై వ్రాలును. ఒక పలకరాతినో చెక్కముక్కనో స్టాండు క్రింద నుంచినచో ఈ అనర్థము తప్పును. దూరము నడచి వచ్చిన బండి సైలెన్సరు చాలసేపు కాలుచుండును గావున, దానిని గోడవైపునకు త్రిప్పి నిలుపుట వాకిట ఆడుకొను పిల్లల కాళ్ళకు మేలు. ఇవి చిన్న పనులే. కాని దిగిన వెంటనే సంచులు భుజమున వేసికొని మెట్లెక్కువానికి ఇవి తోచవు.

ఇక లాడ్జివారి సంగతి. ఇంచుమించు ప్రతి లాడ్జియందును గోడకొక బల్ల వ్రేలాడుచుండును: వాహనములకు యాజమాన్యము బాధ్యత వహింపదు. ఈ వాక్యమును వ్రాయించినవారు తమ వృత్తి చరిత్రను ఎఱుగరని నా అభిప్రాయము. ఇంగ్లండులో 1584లో తీర్పు చెప్పబడిన కేలీ వ్యాజ్యము ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధమైనది. అతిథి గుఱ్ఱము బసయింటి ఆవరణలో నుండగా దొంగల పాలైనచో ఆ నష్టము బసయింటివానిది. అతిథియే కోరి దానిని బయటి పచ్చికకు తోలించినచో ఆ నష్టము అతిథిది. ఎంత చక్కని విభజన! గోడ లోపలి దానికి ఒకరు, కోరి గోడ దాటించిన దానికి మఱియొకరు. మన దేశమున 1867లో వచ్చిన సరాయిల చట్టము, దిగిన మనుష్యులకే గాక అందు నిలిపిన పశువులకును బండ్లకును రక్షణగా కావలివారిని పెట్టుటయు సరాయి నిర్వాహకుని విధులలో చేర్చెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 151వ సెక్షను ప్రకారము, పరుల సొత్తును అప్పగింతగా పుచ్చుకొన్నవాడు, సామాన్య వివేకము గలవాడు తన సొత్తును చూచుకొనునంత శ్రద్ధతో దానిని చూడవలెను.

ఆ బల్లకు విలువ ఎంత? 1998 ఆగస్టు 1వ తేదీ రాత్రి ఢిల్లీలో తాజ్ మహల్ హోటలునకు వచ్చిన ఒక అతిథి తన మారుతి కారును, తాళపుచెవితో సహా, హోటలు సేవకునికి అప్పగించెను. తిరిగి వచ్చి చూచునప్పటికి ఎవరో దానిని నడుపుకొని పోయిరి. అతనికిచ్చిన చీటిపై వాహనము యజమాని బాధ్యతపైననే నిలుపబడుచున్నదని అచ్చువేసియున్నది. వ్యాజ్యము సుప్రీము కోర్టు వఱకు పోయినది. 2019 నవంబరు 14న కోర్టు, అచ్చువేసిన మాట తమ యజాగ్రత్తను కప్పిపుచ్చజాలదనియు, అప్పగింతగా పుచ్చుకొన్న వాహనమునకు హోటలే జవాబుదారి యనియు తీర్పు చెప్పెను.

అయినను ద్విచక్రవాహనదారుడు ఈ తీర్పును చూచి మురిసిపోరాదు. ఆ కారు తాళపుచెవి సేవకుని చేతికి పోయినది. మోటారు సైకిలు తాళపుచెవి మన జేబులోనే యుండును! తానే ఒక మూల నిలిపి, తానే తాళము వేసి, ఎవరితోను ఒక మాటయైన చెప్పక పోయినవాడు, దానిని ఎవరికి అప్పగించెనని ఋజువు చేయగలడు? చట్టము చేయి పూర్తిగా అందని ఈ సందులోనే మర్యాద యను దానికి పని కలుగుచున్నది. గది అద్దె చెల్లించుటకు ముందే కౌంటరు వద్ద 'బండి ఎక్కడ పెట్టమంటారండీ?' అని అడుగుట, వారు చూపిన చోటనే నిలుపుట, రిజిస్టరులో పేరు ప్రక్కన బండి నంబరును వ్రాయించుట — అప్పగింతకు ఇంతకంటె తేలికైన గుర్తు లేదు. నంబరు వ్రాసికొనుటకు విసుగుకొను గుమాస్తా యున్నచో ఆ లాడ్జిలో దిగకుండుటయే మంచిది.

ఈ వ్యవహారమున మూడవవాడొకడున్నాడు, వాడు వాచ్‌మన్. ప్లాస్టికు కుర్చీలో రాత్రియెల్ల కూర్చుండువాడు. బండి పోయినచో మొదటి అనుమానము వానిపైననే. యజమాని మొదటి కేకయు వానిపైననే. చోటు చాలని లాడ్జిలలో ఒక బండి బయటికి తీయవలెనన్న నాలుగు బండ్లు జరుపవలెను. అందుకే వాడు 'హ్యాండిల్ లాక్ వేయకండి సార్' అని బ్రతిమాలును. వేయకున్నచో మనకు నిద్ర పట్టదు. వేసినచో వాడు వెనుక చక్రము నెత్తి ఈడ్వవలెను. నడివయసు దాటినవాడు ఎన్ని బండ్లని ఎత్తగలడు? దీనికి ఉపాయము సులభము. తెల్లవారుజామున పోవలసినవాడు ఆ మాట రాత్రియే వానితో చెప్పి, బండిని త్రోవవైపు వరుసలో నిలిపి నిశ్చింతగా తాళము వేసికొనవచ్చును. తీరికగా పోవువాడు లోపలి వరుసకు పోవలెను. ముందు వచ్చినవాడు ముందు వరుస అనుట రైల్వే టికెట్లకు చెల్లునేమో కాని, ఇక్కడ ముందు పోవువానిదే ముందు వరుస.

తెల్లవారుజాము మాట వచ్చినది గనుక శ్రీశైలమును తలపవలెను. నల్లమలలోని మన్ననూరు వద్ద అటవీశాఖవారి గేటును రాత్రి 9 గంటలకు మూసి ఉదయము 6 గంటలకు తెఱతురు. వన్యమృగముల మేలు కోరి చేసిన ఈ నియమమును నేను మనసార హర్షింతును. కాని ఆలస్యముగా వచ్చిన యువకులు ఆ ప్రాంతముననే ఎక్కడనో తలదాచుకొని, 6 గంటలకు గేటు చేరవలెనని 5 గంటలకే బండ్లు మొదలిడుదురు. బుల్లెట్టు బండ్లు 1955లో మద్రాసులో తయారగుట మొదలైనది మొదలు ఆ ధ్వని మన వీధులకు క్రొత్త కాదు. విన సొంపైనదని యెంచువారును కలరు. అయినను నాలుగు గోడల నడుమ, నిద్రించు పసిబిడ్డల కిటికీల క్రింద, ఇంజను వేడెక్కుటకై పది నిమిషములు మ్రోగించుట మృగములకు తప్పించిన బాధను మనుష్యులకు పెట్టుటయే. ఆ ప్రక్క గదిలో పరీక్ష వ్రాయవలసిన పిల్లవాడు అర్ధరాత్రి దాటిన పిమ్మట పండుకొని యుండవచ్చును. బండిని త్రోసికొని రోడ్డు వఱకు పోయి అచట మొదలిడుటకు ఏబది అడుగుల శ్రమ.

వీనియన్నిటికంటె గంభీరమైనది మెట్ల సంగతి. సెల్లారులో చోటు లేక మెట్ల మొదటనే బండ్లు నిలుపుట, నిలుపనిచ్చుట, రెండును గొప్ప తప్పులు. సికింద్రాబాదులో 2022 సెప్టెంబరు 12 రాత్రి ఒక లాడ్జి భవనపు క్రింది భాగమున నున్న విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో మంట పుట్టి, పొగ మెట్ల త్రోవను పైకెగసినది. పైన బసచేసినవారిలో 8 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఎవరును ఆ స్కూటర్లను ఎక్కి వచ్చినవారు కారు. పెట్రోలు బండియైనను, బ్యాటరీ బండియైనను, పై అంతస్తులలో నిద్రించువారు దిగివచ్చు త్రోవను అది ఆక్రమింపరాదు.

ఇప్పుడు బ్యాటరీని ఊడదీసి గదికి తీసికొనిపోయి రాత్రియెల్ల మంచము ప్రక్కన చార్జింగు పెట్టువారును బయలుదేఱిరి. పరుపు, తెఱలు, మూసిన తలుపు — వీని నడుమ అది తగని పని. కౌంటరు వద్ద అడిగి, క్రింద గాలి తగులు చోట, కావలివాని కన్నుల యెదుట పెట్టించుకొనవలెను. అయిన విద్యుత్తునకు వెల యిచ్చివేయవలెను. పాత సరాయిల చట్టము రుసుముల పట్టికను అందఱకు కనబడునట్లు వ్రేలాడదీయుమన్నది. బాధ్యత లేదను బల్లలు నేను చాల చూచితిని గాని, ఒక రాత్రి చార్జింగునకు ఇంత యని వ్రాసిన బల్ల మా ఊరి లాడ్జిలలో ఇంకను కంటబడలేదు.