ఒక్క రోజులో అరకు... వేళ తెలిస్తేనే వేడుక

శృంగవరపుకోట: విశాఖలో తెల్లవారుజామునే లేచి రైలెక్కితే మధ్యాహ్నానికి కొండలపై భోజనం, రాత్రికి మళ్లీ ఇల్లు. అరకు ఒక్కరోజు యాత్రకు ఏటా ఆదరణ పెరగడానికి ఈ సౌలభ్యమే కారణం. దసరా సెలవులు మొదలుకొని సంక్రాంతి వెళ్లే వరకు మన జిల్లావాసులతో పాటు హైదరాబాదు వారు, బెంగాలీలు గుంపులుగా తరలివస్తారు. అయితే ఈ యాత్రలో టిక్కెట్టు ధర కన్నా విలువైనది సమయం. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగే 14 గంటల్లో ప్రయాణానికే సగానికి పైగా పోతుంది. మిగిలిన కొద్ది గంటలను ఎక్కడ గడపాలో, కొండ ఎప్పుడు దిగాలో ముందుగా ఆలోచించని వారు బస్సు అద్దంలోంచి మన్యాన్ని చూసి వెనుదిరుగుతున్నారు. కొందరు చీకట్లో ఘాట్ దిగుతూ ప్రాణాల మీదకు తెచ్చుకుంటున్నారు.

రైలులో ఎక్కి... రోడ్డున దిగి

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అన్నది రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ ఏళ్ల కిందట అలవాటు చేసిన పద్ధతి. ప్రైవేటు నిర్వాహకులు చాలామంది దీనినే అనుసరిస్తున్నారు. ఉదయం ఏడు గంటల లోపు విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర దాటే వరకు మైదానంలోనే సాగుతుంది. శివలింగపురం నుంచి కొండ ఎక్కడం మొదలవుతుంది. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ మీదుగా అరకు చేరడానికి మొత్తం నాలుగు గంటలు పడుతుంది. శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషనుగా దీనికి చాలాకాలం పేరుండేది.

ఈ మార్గం యాత్రికుల కోసం వేసినది కాదు. బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960వ దశకంలో, ఆ దేశ సహకారంతోనే నిర్మించారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు. సొరంగాలు 58 ఉన్నాయని లెక్క. వాటిలో ఎక్కువ భాగం ఈ ఘాట్‌లోనే వస్తాయి. సొరంగంలోకి పెట్టె దూరగానే పిల్లలు పెట్టే కేకలు ఈ రైలుకు ఆనవాయితీగా మారాయి. 2017లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను జతచేశాక రద్దీ మరీ పెరిగింది. పండుగ రోజుల్లో ఆ పెట్టెలో చోటు కావాలంటే వారాల ముందే చూసుకోవాలి.

ఖనిజం కోసం వేసిన మార్గం కనుక గూడ్సు రైళ్ల రాకపోకలు ఇప్పటికీ ఎక్కువే. ఎదురుగా వచ్చే ఖనిజం బండికి దారి ఇచ్చేందుకు చిన్న స్టేషన్లలో ప్రయాణికుల రైలు ఆగిపోవడం మామూలే. కిటికీలోంచి లోయ చూస్తున్నవారికి ఆ ఆలస్యం తెలియదు. కానీ ఆ ముప్పావు గంటో, గంటో సాయంత్రం యాత్రలో కోత పడుతుంది. ముందుగా కోత పడేది బొర్రా గుహలకే.

బొర్రాలో దిగాలా, అరకులో దిగాలా?

ప్యాకేజీ తీసుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. రైలు అరకు కంటే ముందు బొర్రాలో ఆగుతుంది. కొందరు నిర్వాహకులు యాత్రికులను అక్కడే దించి, ఉదయమే గుహలు చూపించి, తర్వాత బస్సులో అరకు తీసుకెళ్తారు. ఎక్కువమంది మాత్రం నేరుగా అరకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో బొర్రా చూపిస్తారు. సాయంత్రం 5 గంటల ప్రాంతంలో గుహలు మూసివేస్తారు. అరకులో భోజనం ఆలస్యమై, గాలికొండ వద్ద ఫొటోలకు పావుగంట, కాఫీ దుకాణం వద్ద అరగంట గడిచాక బొర్రా చేరేసరికి పరుగులు పెట్టవలసి వస్తుంది. వృద్ధులు, మోకాళ్ల నొప్పులున్నవారు తడి మెట్ల మీద హడావుడిగా దిగడం క్షేమం కాదు. రైలు ఘాట్ మొత్తం చూడాలన్న కోరిక లేనివారికి బొర్రాలో దిగడమే మేలు.

గుహలకు గంటకు తక్కువ కాకుండా కేటాయించాలి. చాలా బస్సులు ముప్పావు గంటతో సరిపెడుతున్నాయి. లోపల రంగుల దీపాల వెలుగులో శివలింగం, కామధేనువు, తల్లీబిడ్డ అంటూ ఆకారాలు చూపడంతోనే గైడు పని ముగుస్తుంది. అవి చూడదగినవే. కానీ ఈ ఆకారాలు ఎలా ఏర్పడ్డాయన్నది అంతకన్నా అబ్బురపరిచే కథ. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్ల గుణం సంతరించుకుంటుంది. ఆ నీరు సున్నపురాతిని కరిగిస్తూ లక్షల ఏళ్లపాటు గుహను తొలిచింది. పైకప్పు నుంచి కారే ఒక్కో చుక్క తన వెంట తెచ్చిన సున్నాన్ని రవ్వంత వదిలిపోతుంది. పైనుంచి వేలాడేవి, కింది నుంచి లేచేవి అలా పెరిగినవే. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పట్టదు, రాయి నల్లబడుతుంది. ముట్టుకోవద్దని గైడు చెప్పేది అందుకే. గుహ నెత్తిమీదుగానే రైలు మార్గం పోతున్నదని కూడా అతడే చూపిస్తాడు.

అక్కడే పుట్టి పెరిగిన గిరిజన యువకులు గైడ్లుగా దొరుకుతారు. నగరం నుంచి బస్సులో వచ్చే గైడు వేళలు చూసుకోవడానికి, భోజనాలు చెప్పడానికి పనికివస్తాడు. గుహ గురించి, ఊరి గురించి తెలుసుకోవాలంటే మాత్రం స్థానికుణ్ణి వెంట పెట్టుకోవడం ఉత్తమం. ఆవు ఒకటి పైనున్న బిలంలోంచి జారి గుహలో పడిందని, దానిని వెదుకుతూ వెళ్లిన కాపరికి శివలింగం కనిపించిందని వాళ్ల పెద్దలు చెప్పుకొనే కథ వాళ్ల నోట వింటేనే బాగుంటుంది.

గోస్తని నది ఈ గుహల ప్రాంతంలోనే పుట్టి, మన జిల్లాలోని తాటిపూడి జలాశయం మీదుగా ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖ నగరం తాగుతున్నది. బొర్రా వద్ద వాగులో విసిరిన ప్లాస్టిక్ సీసా ఎటు కొట్టుకుపోతుందో యాత్రికులు దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ కొండల పేరున ఒక తీర్పు

బొర్రా పరిసరాల పేరు దేశమంతటా న్యాయ కళాశాలల్లో వినిపిస్తుందని ప్యాకేజీ కాగితాల్లో ఎవరూ రాయరు. అనంతగిరి మండలంలోని గిరిజన గ్రామాల పరిధిలో గిరిజనేతరులకు ఖనిజ లీజులు ఇవ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేయగా, 1997 జులైలో సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని, అక్కడ తవ్వకాలు జరిపే సంస్థలు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత అభివృద్ధికి కేటాయించాలని అందులో పేర్కొంది. సమతా తీర్పుగా ప్రసిద్ధికెక్కిన దీనికి పుట్టినిల్లు ఈ కొండలే. గనుల సంగతి అలా తేలింది. ఇక మిగిలిన రాబడి యాత్రికులది. అది ఎవరి చేతికి చేరుతున్నదన్నది కూడా ఆలోచించదగిన విషయం. టిక్కెట్టు, బస్సు, భోజనం అన్నీ నగరంలోనే కట్టేసి వచ్చినవారు కొండమీద ఖర్చు పెట్టేది స్వల్పం. రోడ్డు పక్కన నిప్పులపై బొంగులో చికెన్ కాల్చి ఇచ్చేవారి వద్దనో, పనసకాయలు, అనాసపండ్లు, అల్లం, పసుపు కుప్పలు పోసుకుని కూర్చున్న ఆడవారి వద్దనో కొన్నదే నేరుగా గిరిజన కుటుంబానికి అందుతుంది.

అరకులో మూడు గంటలు

అరకులో సాధారణంగా మ్యూజియం, పద్మాపురం తోట, భోజనం, థింసా నృత్యం ఉంటాయి. ఇందులో గిరిజన మ్యూజియంకే ఎక్కువ సమయం ఇవ్వాలి. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ తదితర తెగల ఇళ్లు, పనిముట్లు, నగలు, పెళ్లి తంతులు నిలువెత్తు బొమ్మలతో అమర్చారు. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు వేసినది. ఇప్పుడు పూలమొక్కలు, చెట్లపై గుడిసెలు, బొమ్మ రైలు ఉన్నాయి. పిల్లలుంటే వెళ్లవచ్చు, లేకుంటే విడిచిపెట్టినా నష్టం లేదు.

థింసా విషయంలో ఒక మాట. చైత్ర మాసపు ఇటుకల పండుగలో, పెళ్లిళ్లలో మోరి, డప్పు, తుడుము, కిరిడి మోగుతుండగా ఆడవాళ్లు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసి గొలుసుగా ఆడే నృత్యమిది. భోజనశాల ముందు పది నిమిషాలు ఆడి ముగించేది దాని నీడ మాత్రమే. అయినా ఆడేవారికి అది కూలి. మధ్యలో దూరి సెల్‌ఫోన్లలో ఫొటోలు దిగడం కన్నా, పక్కన నిలిచి అడుగులు గమనిస్తే కాస్తయినా బోధపడుతుంది.

తిరుగు దారిలో సుంకరిమెట్ట, అనంతగిరి కాఫీ తోటలు వస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. ఒకే నేలలో రెండు పంటలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక వాన పడితే తోటంతా తెల్లగా పూస్తుంది. నవంబరు నుంచి ఎర్రని పండ్లు కోస్తారు. అదే కాలంలో అరకు లోయలో వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి. గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025లో ఈ ప్రాంత తోటల్లో కాఫీ బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు కనిపించడంతో రైతుల్లో ఆందోళన మొదలైంది. ముచ్చటపడి కాయలు కోసి జేబులో వేసుకుని, మరో తోట వద్ద పారేయడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించాలి. కాఫీ పొడి కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతుంది.

చీకటి పడకముందే దిగాలి

కొండ రోడ్డు అందమంతా మలుపుల్లోనే ఉంది, ముప్పూ అక్కడే. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగి వస్తున్న హైదరాబాదు యాత్రికుల బస్సు డముకు సమీపంలోని మలుపు వద్ద లోయలో పడి నలుగురు మరణించారు. వారిలో పసిబిడ్డ కూడా ఉంది. అప్పటికి చీకటి పడింది. ఆ ఘటన తర్వాత కూడా రాత్రి ఏడు, ఎనిమిది గంటలకు ఘాట్ దిగే టూరిస్టు వాహనాలు ఈ దారిన కనిపిస్తూనే ఉన్నాయి. శీతకాలంలో అయిదున్నరకే సూర్యుడు కొండ చాటుకు వెళ్తాడు, వెంటనే మంచు దిగుతుంది. మైదానంలో ఎంత అనుభవం ఉన్నా ఘాట్ దిగడం వేరు. పల్లంలో తక్కువ గేరులో రాకుండా అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. కనుక గదుల సౌకర్యం, భోజనంలో ఎన్ని కూరలు అని అడిగే ముందు, డ్రైవరుకు ఈ ఘాట్ అలవాటేనా, బస్సు ఎన్ని గంటలకు కొండ దిగడం మొదలుపెడుతుంది అని అడగాలి. తెల్లవారుజామున మూడు గంటలకు లేచిన డ్రైవరే రాత్రి తొమ్మిది దాకా నడుపుతాడంటే ఆ ప్యాకేజీ ఎంత చవకైనా వద్దనుకోవాలి.

ఎక్కువ చోట్లు చూపిస్తామనేవారితోనూ జాగ్రత్త వహించాలి. కటికి జలపాతానికి బొర్రా నుంచి జీపులో వెళ్లి, ఆపైన నడవాలి. చాపరాయి అరకు దాటి డుంబ్రిగూడ వైపు ఉంది. రెండూ కలిపితే గుహలకో, మ్యూజియంకో గండి పడుతుంది. వంజంగి మేఘాలను, లంబసింగి చలిని కూడా అదే రోజు చూపిస్తామని ఈమధ్య కొందరు ప్రచారం చేస్తున్నారు. వంజంగి పాడేరు పక్కన ఉంది, సూర్యోదయానికి ముందే కొండపై ఉండాలి. లంబసింగి చింతపల్లి దారిలో ఉంది. ఆ దారి, ఈ దారి ఒకటి కాదు. వాటికి ముందురోజు రాత్రే వెళ్లి బస చేయక తప్పదు.

వర్షాకాలంలో మరో సమస్య. భారీ వానలకు రైలు ఘాట్‌లో బండరాళ్లు, మట్టిపెళ్లలు పట్టాలపై పడి రైళ్లు నిలిచిపోతుంటాయి. అలాంటప్పుడు నిర్వాహకులు వెళ్లడానికి, రావడానికి కూడా రోడ్డునే ఎంచుకుంటారు. విశాఖ నుంచి రోడ్డు మార్గం 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రైలు రద్దయితే టిక్కెట్టు సొమ్ము తిరిగి ఇస్తారో లేదో బయలుదేరే ముందే కాగితంపై రాయించుకోవడం మంచిది. నోటిమాటగా ఒప్పుకుని, తర్వాత శృంగవరపుకోట బస్టాండులో టీ దుకాణం ముందు నిర్వాహకుడితో వాదులాడుకుంటున్న యాత్రికులు ప్రతి వానాకాలంలోనూ కనిపిస్తారు. అక్కడి నుంచి విశాఖకు ఇంకా సుమారు 50 కిలోమీటర్లు.