నీడ తోటలో హంసపాది

తొలకరి వానలు పడగానే తూర్పు కనుమల కొండవాలులలో, రాతి సందులలో, వాగు గట్లమీద ఒక చిన్న మొక్క చిగిర్చును. దాని కాడ నల్లగా నిగనిగలాడును. ఆకులు అర్ధచంద్రుని పోలియుండును. నీళ్ళు చల్లినచో ఆకు తడవక బిందువులు జారిపోవును. ఇదియే హంసపాది. ఇది పూయని, కాయని ఫెర్ను జాతి మొక్క. ఆయుర్వేదమునందును దీనికి స్థానము కలదు.

కొండకు వెళ్ళినవారు దీనిని సమూలముగా పెరికి తెచ్చి కుండీలో నాటుదురు. చలికాలము చివర ఆకులు ఎండగానే చచ్చినదని పారవేయుదురు. మరుసటి ఏడు మరల కొండకు పోవుదురు. ఈ రెండును పొరపాట్లే. ఆకులెండుట ఈ మొక్క సహజగుణము. మట్టిలోని కొమ్ము బ్రతికియే యుండును. కుండీని నీడలో నుంచి, మన్ను పూర్తిగా ఎండకుండ అప్పుడప్పుడు కొద్దిగా తడిపిన చాలును. వానలతో తిరిగి చిగిర్చును.

నాటు విధము: ఇంటికి ఉత్తరపు వైపున గాని, మామిడి, కొబ్బరి చెట్ల నీడన గాని చోటు ఎన్నుకొనవలెను. కుండీ అడుగున పెంకులు పరచి, మాగిన ఆకు ఎరువు 2 పాళ్ళు, తోటమన్ను 1 పాలు, ఇసుక 1 పాలు కలిపి నింపవలెను. పచ్చి పేడ వేయరాదు. కొమ్మును లోతుగా పాతరాదు. తేమ ఉండవలెను గాని నీరు నిలువరాదు. నత్తలను రాత్రివేళ ఏరివేయవలెను.

పెంచు విధము: వానాకాలములో ఆకు కొన దారమువలె సాగి, నేలను తాకినచోట వేరూని పిల్లమొక్క నిచ్చును. ఆ కొనను ప్రక్కనున్న మరొక కుండీ మన్నుపై ఆనించి, చిన్న రాతితో అదిమి ఉంచుడు. పిల్ల వేరుదన్ని 3, 4 ఆకులు వేసిన పిదప తల్లినుండి కత్తిరించుడు. తొలకరిలో గుబురును కొమ్ములతో విడదీసియు నాటవచ్చును. ఆకు అంచు మడతలలోని సిద్ధబీజములతోను మొక్కలను పెంచవచ్చును గాని, అందుకు నెలల తరబడి తడి, ఓర్పు కావలెను.

కావున మొదటి మొక్కను ఇదివరకే పెంచుచున్న ఇరుగుపొరుగు వారినుండి గాని, నర్సరీనుండి గాని తెచ్చుకొనుడు. రిజర్వు అడవినుండి అనుమతి లేక మొక్కలు పెరికి తెచ్చుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. గ్రామోద్యోగులు ఈ సంగతి నలుగురికి తెలుపవలెను. ఒక్క మొక్కను చంపక కాపాడినచో కొన్ని ఏండ్లలో ఊరిలో పలువురికి పంచవచ్చును. కొండమీది మొక్క కొండమీదనే ఉండును.